ఎనిమిదిలో ఒకసారి మూగబోయే ఫోన్లు: 1991 నాటి ఒక ఈపీఏబీఎక్స్ కేసు

"ఎత్తగానే టోను రాదండీ, ఒక్కోసారి. పెట్టేసి మళ్ళీ ఎత్తితే వస్తుంది. ఎప్పుడు రాదో మాత్రం చెప్పలేం."

గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ మేనేజరు గారు తమ ఈపీఏబీఎక్స్ గురించి, అంటే ఆఫీసు లోపలి ఫోన్లను ఒకదానికొకటీ, బయటి లైన్లకూ కలిపే పెట్టె గురించి, ఫోన్‌లో చెప్పిన కంప్లైంటు ఇంతే. నాకంటే ముందు ముగ్గురు వెళ్ళొచ్చారట. ఒకాయన హ్యాండ్‌సెట్లు మార్చాడు, ఇంకొకాయన ఫోను వైరు తగిలించే, గోడల మీది రోసెట్ పెట్టెలు మార్చాడు. మూడో ఆయన "దీన్ని పారేసి కొత్తది పెట్టుకోండి" అని కొటేషన్ ఇచ్చి వెళ్ళాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు. కానీ కొత్తది పెడితే పాత బిల్డింగులో కేబుల్ మొత్తం లాగాలి, సీజన్ మధ్యలో ఆ పని కుదరదు.

సెల్‌ఫోన్లు ఉండగా ఈ పాత పెట్టె ఎందుకని నేనూ అడిగాను. మేనేజరు గారు మాట్లాడకుండా నన్ను ఒక ఛాంబర్‌లోకి తీసుకెళ్ళి తలుపు వేశారు. మందపాటి గోడలు, వాటి లోపల ఇన్సులేషన్, పైకప్పు దాకా మిర్చి బస్తాలు. నా సెల్‌లో సిగ్నల్ గీత ఒక్కటీ లేదు. గోడకు ఒక ఎక్స్‌టెన్షన్ ఫోను ఉంది. లోపల మనిషి ఉండగా బయట ఎవరైనా తలుపు గడియ వేస్తే అతనికి ఆ ఫోనే దిక్కు. అప్పుడు అర్థమైంది, ఒక్కోసారి టోను రాకపోవడం వీళ్ళకు చిన్న విషయం కాదని.

పెట్టె తయారీదారు పేరు ఇక్కడ రాయను. కంపెనీ ఇప్పుడు లేదు, మాన్యువల్ లేదు, సర్క్యూట్ డయాగ్రం అసలే లేదు. బయటి నుంచి వచ్చే 6 పీ అండ్ టీ లైన్లు, లోపలి ఫోన్లకు 48 ఎక్స్‌టెన్షన్లు. పీ అండ్ టీ శాఖ 1985లోనే తపాలా, టెలికాం అని రెండుగా విడిపోయింది, 2000లో బీఎస్ఎన్ఎల్ వచ్చింది. అయినా మా వృత్తిలో బయటి నుంచి వచ్చే ప్రతి లైనూ ఇప్పటికీ "పీ అండ్ టీ లైనే". ఈ పెట్టె మీద కూడా స్క్రీన్ ప్రింట్‌లో అదే ఉంది.

ముందు లెక్క, తర్వాత స్క్రూడ్రైవర్

పగలంతా ఆఫీసులో కూర్చుని చూశాను. టోను రాని ఫోను ఒక్కోసారి అకౌంట్స్‌లో, ఒక్కోసారి కాటా దగ్గర, ఒక్కోసారి మేనేజరు గారి టేబుల్ మీద. బయటి నుంచి వచ్చే కాల్స్‌లోనూ అప్పుడప్పుడు ఇదే తంతు. ఆపరేటర్ ఎత్తుతుంది, ఇటు హలో అటు హలో, ఎవరికీ ఏమీ వినపడదు, పెట్టేస్తారు. ఏ ఒక్క ఎక్స్‌టెన్షన్‌నీ పట్టుకుని లేదు కాబట్టి హ్యాండ్‌సెట్లూ రోసెట్లూ మార్చడం దండగ అని తేలిపోయింది. తప్పు అందరూ వాడుకునే దేంట్లోనో ఉంది.

టోను రాని సమయంలో రిసీవర్ చెవికి పెట్టుకుని మౌత్‌పీస్‌లో ఊదాను. నా ఊపిరి నాకు వినిపించింది. అంటే ఫోనుకు కరెంటు అందుతోంది. లైను చావలేదు, టోను మాత్రమే చేరడం లేదు.

రాత్రి పదకొండు దాటాక, ఎవరూ ఫోన్లు వాడరని తేల్చుకుని, ఒకే ఒక్క ఫోను పట్టుకుని కూర్చున్నాను. ఎత్తడం, వినడం, పెట్టడం. కాగితం మీద టోను వస్తే గీత, రాకపోతే సున్నా. 64 సార్లు ఎత్తాను. సున్నాలు ఎనిమిది. అవి ఎక్కడ పడితే అక్కడ లేవు. ఒక సున్నా, ఏడు గీతలు, మళ్ళీ ఒక సున్నా. పగలు ఎవరికీ లెక్క అందకపోవడానికి కారణం కూడా అదే. నలభై మంది నలభై చోట్ల ఎత్తుతుంటే ఆ ఎనిమిదో వంతు ఎవరి నెత్తిన పడుతుందో ఎవరు చెప్పగలరు?

నా మట్టుకు ఈ కేసులో సగం ఆ కాగితం మీదే తేలిపోయింది. ఇలాంటి పెట్టెలో అందరూ పంచుకునే వస్తువులు కొన్నే ఉంటాయి, ప్రాసెసర్ వాటిని వంతులవారీగా ఇస్తుంటుంది. టోన్ నొక్కులు వినే రిసీవర్లు రెండుంటే, వాటిలో ఒకటి పోతే రెండోసారికల్లా తప్పు కనిపించాలి. ఎక్స్‌టెన్షన్ కార్డు పోతే ఆ కార్డు మీది నంబర్లకే కనిపించాలి. ఎనిమిదికి ఒకసారి అంటే లోపల ఎనిమిది ఉన్న వస్తువేదో వెతకాలి.

ఇంకో పరీక్ష కూడా ఆ రాత్రే చేశాను. నా సంచిలో ఎప్పుడూ ఒక డయల్ తిప్పే పాత ఫోను ఉంటుంది. చూసినవాళ్ళు నవ్వుతారు గానీ దానంత పనికొచ్చే పరికరం ఇంకోటి లేదు. బటన్ ఫోను రెండు స్వరాలు కలిపి పంపుతుంది, వాటిని వినాలంటే మాట వెళ్ళే దారి బాగుండాలి. డయల్ ఫోను అలా కాదు. సెకనుకు పది చొప్పున లైన్ కరెంటును తెంపి కలుపుతుంది, ఆ తెంపులను లైన్ సర్క్యూట్ నేరుగా ప్రాసెసర్‌కు చెబుతుంది. టోను రాని వంతు వచ్చేదాకా ఆగి, నిశ్శబ్దంలోనే పక్క టేబుల్ నంబరు తిప్పాను. పక్క ఫోను మోగింది! ఎత్తితే అటూ ఇటూ చీమ చిటుక్కుమన్న శబ్దం కూడా లేదు.

ప్రాసెసర్ బాగుంది. లైన్‌ను పసిగట్టేది బాగుంది. రింగ్ బాగుంది. మాట వెళ్ళే దారి ఒక్కటే, ఎనిమిదింటిలో ఒకటి, మూగబోయింది.

పెట్టె తెరిచాక

ముందుగా నేను చేసిన ఒక తప్పు. మర్నాడు పొద్దున కార్డులు పీకడానికి స్విచ్ ఆఫ్ చేశాను. ఫొటోలు తీసుకుని మళ్ళీ ఆన్ చేస్తే పెట్టె తన పాత ప్రోగ్రామింగ్ అంతా మరిచిపోయింది. ఏ ఫోనుకు బయటి లైను ఇవ్వాలి, దేనికి ఇవ్వకూడదు అనే సెట్టింగులు చిన్న ర్యామ్‌లో ఉంటాయి. కరెంటు పోయినా అవి నిలవడానికి ప్రాసెసర్ కార్డు మీద 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. అది ఎన్నేళ్ళ క్రితమే చచ్చింది. పెద్ద యూపీఎస్ ఉండబట్టి ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు. నేను ఆఫ్ చేయడంతో గేటు దగ్గరి ఫోను నుంచి కూడా ఎస్టీడీ కలిసే స్థితి వచ్చింది. మేనేజరు గారు ఏమీ అనలేదు గానీ ఆ చూపు గుర్తుంది. సెట్టింగులన్నీ ఆపరేటర్ కన్సోల్ నుంచి మళ్ళీ నొక్కడానికి ఒక పూట పట్టింది. ఇలాంటి పెట్టెల జోలికి వెళ్ళేవాళ్ళు ఆఫ్ చేసే ముందే ఉన్న సెట్టింగులు రాసుకోవాలి.

బ్యాటరీ కారి, కింద ఆకుపచ్చ బూజులాంటిది పట్టింది. ఆ కారేది క్షారం. అందుకని ముందు వెనిగర్‌తో, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. రెండు ట్రాకులు పూర్తిగా తినేసి ఉన్నాయి, సన్నని వైరుతో అతికాను. ఇంకో సంగతి, కార్డుల మీద సన్నటి ఎర్రటి దుమ్ము. మొదట తుప్పు అనుకున్నాను. బ్లోయర్ పెట్టాక తెలిసింది, అది మిర్చి పొడి. గదిలో ఉన్న నలుగురం పది నిమిషాలు తుమ్ముతూనే ఉన్నాం. తర్వాత బ్లోయర్ జోలికి పోకుండా బ్రష్షుతోనే కానిచ్చాను.

లోపల మొత్తం ఆరు కార్డులు. పవర్ సప్లై, ప్రాసెసర్, పీ అండ్ టీ లైన్లూ టోన్లూ ఉన్న కామన్ కార్డు, తలా 16 లైన్లతో మూడు ఎక్స్‌టెన్షన్ కార్డులు. చిప్‌ల మీది తేదీ కోడ్‌లన్నీ 90, 91తో మొదలవుతున్నాయి, అన్నిటికంటే కొత్తది 9122. అంటే 1991లో 22వ వారం. పెట్టె వయసు అలా తెలిసింది.

ఆ కాలం గురించి రెండు మాటలు. 1984 ఆగస్టులో ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ మొదలై, శామ్ పిట్రోడా ఆధ్వర్యంలో మన దుమ్ముకూ ఎండకూ తట్టుకునే చిన్న ఎక్స్‌చేంజీలు తయారుచేసి, ఆ డిజైన్లను చాలా కంపెనీలకు ఇచ్చింది. గ్రామాల్లో వాడిన 128 పోర్టుల ఎక్స్‌చేంజీ పేరు ఈ లైన్‌లో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. దాంట్లో మాట డిజిటల్‌గా వెళుతుంది. సెకనుకు 8,000 నమూనాలు, ఒక్కోటి 8 బిట్లు, మొత్తం 64 కిలోబిట్లు. నా ముందున్న పెట్టె ఆ జాతిది కాదు. ఇది అంతకంటే చవక దారి. మాట మొదటి నుంచి చివరిదాకా మాటలాగే, అనలాగ్‌గానే, చిన్న చిన్న ఎలక్ట్రానిక్ స్విచ్‌ల గుండా పోతుంది. చదువుకునేవాళ్ళకు నేను ఈ రకాన్నే సిఫారసు చేస్తాను. ఒక్కో దారినీ మీటరుతో, చెవితో పట్టుకోవచ్చు.

ప్రాసెసర్ 8085. పక్కన 6.144 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, చిప్ లోపల సగమై 3.072 అవుతుంది. పెట్టె ప్రోగ్రాం దాచుకునే చిప్‌లు, రెండు 27256 ఈప్రామ్‌లు. కిటికీల మీది స్టిక్కర్లు ఎండి రాలిపోయే స్థితిలో ఉన్నాయి. అల్ట్రావయొలెట్ వెలుతురు తగిలితే చెరిగిపోయే జాతి కాబట్టి కొత్త స్టిక్కర్లు వేసి, ముందు వాటి కాపీ తీసుకున్నాను. ఒక్కోదాన్ని మూడేసి సార్లు చదివించి, మూడూ సరిపోలాకే పక్కన పెట్టాను. ఏ పాత పెట్టె అయినా నా మొదటి పని ఇదే. చిప్‌లు ఎక్కడైనా దొరకవచ్చు, ఆ ప్రోగ్రాం మళ్ళీ దొరకదు.

కామన్ కార్డు మీద 3.579545 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ కనిపించింది. దాన్ని చూశాక పక్కనున్న 18 కాళ్ళ చిప్‌లు ఏమిటో చదవక్కర్లేదు. అమెరికా కలర్ టీవీల కోసం లక్షల్లో తయారవడం వల్ల ఆ క్రిస్టల్ చవక. అందుకే టోన్ డయల్ రిసీవర్లు దాని మీద నడిచేలా చేశారు. ఇక్కడ ఎంటీ8870 అనే అలాంటి రిసీవర్లు రెండున్నాయి. ఈ పెట్టెలో ఒకేసారి ఇద్దరు మాత్రమే నంబరు నొక్కగలరు, మూడో మనిషికి టోను కాస్త ఆలస్యంగా వస్తుంది. పొద్దున పదింటికి టోను లేటు అని వాళ్ళు చెప్పిన రెండో కంప్లైంటుకు జవాబు ఇదే. అది తప్పు కాదు, దాని స్తోమత అంతే.

గీకేసిన చిప్

ఒక్కో ఎక్స్‌టెన్షన్ కార్డు మీద ఒకే ఒక్క 40 కాళ్ళ పెద్ద చిప్ ఉంది. పై పేరు గరుకు కాగితంతో గీకేశారు. పోటీదారు కాపీ కొట్టకుండా అప్పట్లో చాలామంది చేసిన పని అది. ముప్పై ఏళ్ళ తర్వాత రిపేరు చేసేవాడికి శాపం.

పేరు లేకపోయినా కాళ్ళు ఎక్కడికి పోతున్నాయో చూడొచ్చు. కార్డును వెలుతురుకు పట్టి ట్రాకులు రాసుకున్నాను. 16 కాళ్ళు 16 లైన్ ట్రాన్స్‌ఫార్మర్లకు వెళుతున్నాయి. 8 కాళ్ళు వెనక కనెక్టర్ ద్వారా, కార్డులన్నీ గుచ్చే బ్యాక్‌ప్లేన్ బోర్డు మీదికి వెళ్ళి, అక్కడ మూడు కార్డులకూ, కామన్ కార్డుకూ ఉమ్మడిగా ఉన్నాయి. మిగిలినవి అడ్రసు, డేటా, స్ట్రోబ్, సప్లై వగైరా. పదహారును ఎనిమిదితో కలిపే గళ్ళ పలక అన్నమాట. 128 కూడళ్ళు, ఒక్కో కూడలిలో ఒక స్విచ్. ఎవరైనా ఫోను ఎత్తితే అతని లైను ఎనిమిది దారుల్లో ఒకదానికి కలుస్తుంది. కామన్ కార్డు అదే దారికి డయల్ టోనునూ, ఒక టోన్ రిసీవర్‌నూ కలుపుతుంది. నంబరు నొక్కాక అవతలి మనిషి కూడా అదే దారి మీదికి వస్తాడు. ఎనిమిది దారులంటే ఒకేసారి ఎనిమిది సంభాషణలు. నేను కాగితం మీద లెక్కపెట్టిన ఎనిమిది ఇదే.

అక్కడి నుంచి సూటిగా వెళ్ళకుండా నేను ఒక రోజు పోగొట్టుకున్నాను. చిప్ ఏదో తేల్చుకోవాలని ఒకటో కార్డును బెంచ్ మీదికి తెచ్చి, ప్రోగ్రాం రాసుకునే చిన్న ఆర్డ్యూనో బోర్డుతో అడ్రసులు ఇస్తూ ఏ కాలు దేనికి కలుస్తోందో చూశాను. 0 నుంచి 5 దాకా వరస బాగానే ఉంది. 6 ఇస్తే ఆరో లైనుకు బదులు పన్నెండోది కలిసింది. 7 ఇస్తే పదమూడోది. 8 ఇస్తే ఆరోది! లోపల అడ్రసు విప్పే భాగం పోయిందనుకున్నాను. "దొరికింది దొంగ" అని ఇంటికి ఫోన్ కూడా చేశాను. రెండో కార్డు పెడితే అదీ అచ్చం అలాగే చేసింది. రెండు చిప్‌లు ఒకే రకంగా ఎలా పాడవుతాయి?

రాత్రి ఈప్రామ్ కాపీని కంప్యూటర్‌లో తిరగేస్తుంటే ఒక పదహారు బైట్ల పట్టిక కనిపించింది (ఈ లెక్కలో 0ఏ అంటే 10, 0ఎఫ్ అంటే 15). 00 01 02 03 04 05, ఆ తర్వాత 08 09 0ఏ 0బీ 0సీ 0డీ, ఆ తర్వాత 06 07, చివర 0ఈ 0ఎఫ్. ఆరో లైను కావాలంటే 8 పంపు, పన్నెండో లైను కావాలంటే 6 పంపు అని ఆ పట్టిక అర్థం. నేను తప్పు అనుకున్నదానికి డిజైనర్ ముందే మందు రాసి పెట్టుకున్నాడు. ఎంటీ8816 అనే చిప్ వివరాల పత్రం, అంటే డేటాషీట్, తీస్తే అందులోని అడ్రసు పట్టిక ఇదే. ఆ చిప్ పుట్టుకతోనే అంతే. ఐదు తర్వాత వరస తప్పి పన్నెండు, పదమూడుకు దూకి మళ్ళీ వెనక్కి వస్తుంది. కాబట్టి పాడైందనుకున్న వంకరే దాని వేలిముద్ర. పేరు గీకినా ఆ నడకను దాచలేకపోయారు. కెనడాలో 1973లో మొదలైన మైటెల్ తయారు చేసిన చిప్ ఇది. ఆ కంపెనీ ఇలాంటి ఆఫీసు ఎక్స్‌చేంజీలను కూడా తయారుచేసేది, తమ అవసరం తెలిసి చేసుకున్న చిప్‌లు.

ఈప్రామ్ ఎలాగూ తెరిచాను కదా అని వంతుల సంగతి కూడా వెతికాను. 3సీ, ఈ6, 07 అనే మూడు బైట్లు ఒకచోట దొరికాయి. 8085 భాషలో అది "ఒకటి కలుపు, కింది మూడు బిట్లే ఉంచుకో". అంటే 0 నుంచి 7 దాకా తిరిగే వంతు. ముందు ఒకటి కలిపి ఆ తర్వాత వాడుతుంది కాబట్టి ఆన్ చేశాక మొదటి ఎత్తు 1వ దారికి పోతుంది. ఆన్ చేసి మళ్ళీ లెక్కపెడితే ఐదోసారి మూగ, పదమూడోసారి మూగ. దోషి 5వ దారి.

మీటరు చెప్పింది

ఇంత చదివాక చేసిన అసలు పరీక్ష రెండు నిమిషాల పని. మొదటి రోజే చేసి ఉంటే ఈ రాతలో సగం ఉండేది కాదు. పెట్టె ఆన్‌లో ఉండగా బ్యాక్‌ప్లేన్ మీద ఎనిమిది దారుల వోల్టేజీ చూశాను. మాట అటూ ఇటూ ఊగడానికి వీలుగా ప్రతి దారినీ 12 వోల్టుల సప్లైలో సగం దగ్గర నిలబెడతారు. ఏడు దారులూ 6 వోల్టులకు అటూ ఇటూ ఉన్నాయి. 5వది 0.3. ఆఫ్ చేసి ఓమ్స్‌లో చూస్తే ఏడింటికి కిలో ఓముల్లో రీడింగ్, 5వదానికి 38 ఓములు. గ్రౌండ్‌కు దాదాపు అతుక్కుపోయింది.

టోన్లన్నీ అక్కడే పుడతాయి కాబట్టి నా అనుమానం కామన్ కార్డు మీదే. పీకాను. 38 అలాగే ఉంది. ఒకటో కార్డు పీకాను, కదల్లేదు. రెండోది, కదల్లేదు. మూడో కార్డు పీకగానే మీటరు పైకి లేచింది.

అంటే మూడో కార్డులో ఉన్న తప్పు, ఆ కార్డుతో ఏ సంబంధమూ లేని అకౌంట్స్ వాళ్ళనీ మేనేజరు గారినీ మూగ చేస్తోంది. 5వ దారి నలుగురికీ ఉమ్మడి, ఒకడు దాన్ని నేలకు నొక్కిపట్టుకుంటే మిగతా ముగ్గురూ మునుగుతారు. ఉమ్మడి గోడకు ఒక వాటా వైపు చెమ్మ పడితే రెండో వాటా వాళ్ళు సున్నం వేసుకుంటూ కూర్చున్నట్టు, ఇన్నాళ్ళూ వీళ్ళు హ్యాండ్‌సెట్లు మార్చుకుంటూ కూర్చున్నారు.

ఆ రాత్రికి మూడో కార్డు బయట పెట్టేసి, దాని మీద ఉన్న ఛాంబర్ ఫోన్లను మొదటి రెండు కార్డుల్లోని ఖాళీ పోర్టులకు మార్చి ఇంటికి వచ్చాను. 32 లైన్లతో పెట్టె చక్కగా నడిచింది.

కాటా దగ్గరి పిడుగు

చిప్ ఎందుకు పోయిందో తెలుసుకోకుండా మార్చేస్తే వచ్చే ఎండాకాలం మళ్ళీ రావాలి. మూడో కార్డును భూతద్దంతో చూస్తే 38వ పోర్టు దగ్గర లైన్ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన బోర్డు కాస్త నల్లబడి ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ తెగింది. రక్షణ కోసం పెట్టిన చిన్న బిళ్ళ పగిలి సగమే మిగిలింది. వైర్లన్నీ వచ్చి చేరే ఎండీఎఫ్ పెట్టె దగ్గర చూస్తే ఆ పోర్టును ఫోను వైరుకు కలిపే జంపర్ వైరే లేదు.

అక్కడ పాత ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నారు, అందరూ బాబాయ్ అంటారు. అడిగాను.

"బాబాయ్, ఈ ముప్పై ఎనిమిదిలో ఇదివరకు ఏముండేది?"

"కాటా రూము ఫోను. పిడుగు పడ్డప్పుడు కాలిపోయింది గదా. ఫోను మార్చినా పలకలేదు, ఇరవై ఒకటికి ఏశా. అప్పటి నుంచి బానే ఉంది."

"అది ఎప్పుడు?"

ఆయన లేచి ఎండీఎఫ్ పెట్టె మూత లోపలి వైపు తిప్పి చూపించారు. పెన్సిల్‌తో "38 – 21 కాటా" అని, కింద తేదీ. ముందు వచ్చిన ముగ్గురూ, నేనూ, ఆ మూతను పక్కన పెట్టి పని చేసుకున్నామే తప్ప తిప్పి చూడలేదు. టోను కంప్లైంటు ఎప్పుడు మొదలైందని ఆపరేటర్‌ను అడిగితే ఆ వేసవి తర్వాతేనని చెప్పింది.

కాటా రూము గేటు పక్కన, ఆఫీసుకు వంద మీటర్లకు పైనే. డ్రాప్ వైరు రెండు స్తంభాల మీదుగా ఆరుబయట గాల్లో వెళుతోంది. ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలుల వానలు వచ్చే ఊళ్ళో అది పిడుగుకు పిలుపు పత్రిక. పిడుగు నేరుగా వైరు మీద పడక్కర్లేదు, దగ్గర్లో పడినా చాలు. ఆ దెబ్బ ట్రాన్స్‌ఫార్మర్ దాటి చిప్ కాలిదాకా వచ్చి, లోపల 5వ దారి వైపు చీల్చుకుపోయింది. ఆ క్షణంలో కాటా ఫోను 5వ దారి మీద మాట్లాడుతూ ఉండి ఉంటుంది, స్విచ్ మూసి ఉండటంతో దెబ్బ అటువైపే పోయింది. ఇది నా ఊహే, రుజువు చేసే దారి లేదు. పోర్టు మార్చడంతో కాటా వాళ్ళ బాధ తీరింది, కానీ చచ్చిన పోర్టు కార్డులోనే ఉండి మిగతా అందరి దారినీ పట్టుకు కూర్చుంది.

ఎండీఎఫ్‌లో బయటి లైన్లకు పిడుగు దెబ్బను ఎర్త్‌లోకి మళ్ళించే గ్యాస్ ట్యూబులు ఉన్నాయి కదా, అవేం చేశాయి? వాటి ఎర్త్ బార్ నుంచి వచ్చే పచ్చ వైరు పట్టుకుని వెళితే అది గోడ కింద టైల్స్‌లోకి పోయి అక్కడే ఆగిపోయింది. ఎప్పుడో టైల్స్ వేసినప్పుడు తెగింది. ఎర్త్ లేని గ్యాస్ ట్యూబు తాళం ఉండి గడియ లేని తలుపే.

బాగు చేసిన తీరు

ఎంటీ8816లు నాలుగు హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో పాత స్టాకు దొరికాయి. కొన్నవెంటనే బోర్డులో పెట్టలేదు. అదే ఆర్డ్యూనో అమరికతో 128 కూడళ్ళనూ ఒక్కోటీ మూసి తెరిచి చూశాను. 12 వోల్టుల మీద మూసిన స్విచ్‌కు 65 ఓములు మించకూడదు, ఒక దారికీ ఇంకో దారికీ పెద్ద తేడా ఉండకూడదు. మూడు పాసయ్యాయి. నాలుగోదానికి ఆ పైపేరు తప్ప ఎంటీ8816తో ఏ చుట్టరికమూ లేదు. ఎవరో వేరే చిప్ మీద ముద్ర వేసి అమ్మారు.

40 కాళ్ళ చిప్‌ను పీకేటప్పుడు ఆశపడి మొత్తంగా లాగితే ట్రాకులు లేచిపోతాయి. చిప్ ఎలాగూ పోయిందే కాబట్టి కాళ్ళన్నీ కట్టర్‌తో కత్తిరించి, ఒక్కో కాలినీ విడిగా తీశాను. దాని చోట సాకెట్ వేశాను. 38వ పోర్టు ట్రాన్స్‌ఫార్మర్‌కు జోడీ దొరకలేదు, ఆ పోర్టును ఖాళీగానే వదిలేశాను.

ఒక దశలో ఈప్రామ్‌లో వంతుల లెక్క మార్చి, 5వ దారిని వదిలేసి ఏడింటితో నడిపితే ఎలా ఉంటుందని కూడా ఆలోచించాను. పని జరుగుతుంది. కానీ చెడ్డ చిప్ అక్కడే ఉంటుంది, ఇవాళ 5వ దారిని పట్టుకున్నది రేపు ఇంకోదాన్ని పట్టుకోదని నమ్మకమేమిటి? మానేశాను.

ఎర్త్‌కు కొత్త గుంట తవ్వించి ఉప్పూ బొగ్గూ వేసి, అక్కడి నుంచి ఎండీఎఫ్ బార్‌కు విడిగా రాగి వైరు తెచ్చాం. మీటరు 3 ఓముల లోపు చూపించింది. కాటా లైనుకు కొత్త గ్యాస్ ట్యూబు, దాని వెనక చిన్న ఫ్యూజు. గాల్లో వైరు తీసి భూమిలో పైపు వేయమన్నాను, లారీలు తిరిగే చోటు కాబట్టి సీజన్ అయ్యాక చూస్తామన్నారు. బ్యాటరీ చోట కొత్తది పెట్టాను, కానీ బోర్డు మీద కాదు. వైర్లు తీసి క్యాబినెట్ పక్క గోడకు తగిలించాను, ఈసారి కారినా ట్రాకుల మీద పడదు.

చివరి రాత్రి మళ్ళీ అదే పని. ఒక ఫోను, ఒక కాగితం. 160 సార్లు ఎత్తాను, అన్నీ గీతలే. డయల్ ఫోనుతో ఎనిమిది దారుల మీదా వంతుగా కాల్ చేసి బాబాయ్‌తో మాట్లాడాను. ఆయన ప్రతిసారీ "ఆ, ఇనపడతాంది" అని ఎనిమిదోసారికి విసుక్కున్నారు.

రెండు ఈప్రామ్‌ల కాపీలు, మిగిలిన రెండు చిప్‌లు, ఏ పోర్టు ఎక్కడికి వెళుతుందో రాసిన కాగితం ఒక కవర్‌లో పెట్టి క్యాబినెట్ తలుపు లోపల అంటించాను. ఎండీఎఫ్ మూత మీది పెన్సిల్ రాతను చెరపలేదు, దాని కిందే నేను చేసిన మార్పులూ, తేదీ రాశాను. మూడో కార్డులో 41వ పోర్టులో సన్నని గరగర ఇంకా ఉంది. అదే వరుసలోని ట్రాన్స్‌ఫార్మర్ కాబట్టి దానికీ పిడుగు సెగ తగిలి ఉండొచ్చు. ప్రస్తుతానికి దానికి ఏ ఫోనూ తగిలించలేదు. గాలివానల కాలం రాకముందే ఆ కార్డును మరోసారి బెంచ్ మీదికి తేవాలి.